గంట కొట్టేది ఆఖరివాడు

ముందుగా పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణలు. ప్రయాణ అనుభవం అంటే మంచు కొండో, సముద్రమో ఉండాలని నాకూ తెలుసు. ఇందులో ఉన్నది విరూర్ దగ్గర ఒక గుట్ట, దాని మీద చిన్న ప్రార్థన మందిరం. ఆధ్యాత్మికత ఆశించి చదివేవారు నన్ను మరింత గట్టిగా క్షమించాలి. నేను వెళ్లింది మటన్ కోసం.

మాది బల్లార్‌పూర్ బజారులో కిరాణా కొట్టు. మాంసం మాట దేవుడెరుగు, మా ఇంట్లో ఉల్లిపాయ తరగాలన్నా అమ్మ తలుపు దగ్గరికి వేస్తుంది. బీకాం పరీక్షలో ఆర్థిక సరళీకరణ మీద నాలుగు పేజీలు రాసి పాసయ్యాను. దాని వల్ల దేశానికేం ఒరిగిందో గానీ నాకింకా ఉద్యోగం రాలేదు, కొట్లో పప్పు తూస్తున్నాను. నా దోస్తు యోహాను కుటుంబం, వాళ్ల చర్చి సంఘంవాళ్లు ఏటా ఈస్టర్‌కు ముందొచ్చే నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యే ముందు ఆదివారం ఆ గుట్ట ఎక్కుతారు. దిగాక మటన్, జొన్నరొట్టె. "వస్తవారా శీనూ?" అన్నాడు. నాలో ఎన్నాళ్లుగానో నిద్రపోతున్న భక్తి చటుక్కున లేచి కూర్చుంది.

మా ఊరి స్టేషన్ బల్లార్షాలో పొద్దున్నే కాజీపేట వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కాలి. టికెట్టుకు ఒక చాయ్, రెండు సమోసాలంత ఖర్చు. రైలు ఆలస్యానికి ఇంకో చాయ్ కలుపుకోండి. విరూర్‌లో దిగితే స్టేషన్ బయట టెంపో ఉంటుంది, గుట్ట దాకా తలా రెండు రూపాయలు. మా గుంపును చూసి డ్రైవర్ ఏమాత్రం బెదరలేదు.

"బసా, బసా! కూసోండ్రి, ఇంక జాగ బగ్గ ఉంది."

"ఏడుంది భావూ?" అన్నాను.

"నువ్ జర ఊపిరి బిగపట్టు, దొరుకుతది."

పత్తి ఏరేసిన చేన్ల మధ్య నుంచి దారి. పత్తి బండ్ల నుంచి ఊడిన దూది ముళ్లకంప మీద ఇంకా వేలాడుతోంది. మోదుగులు ఆకులన్నీ రాల్చి ఒళ్లంతా పూశాయి. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. వెళితే ఆ రోజుల్లోనే వెళ్లండి.

అక్కడ ఒక ఆచారం ఉంది. పైకి ఆఖరున చేరినవాళ్లే గంట కొట్టాలి. వాళ్లు వచ్చేదాకా ప్రార్థన మొదలుకాదు. గంట కొట్టినవాళ్లు మరుసటి ఏడు గుట్ట ఎక్కకుండా కింద వంట దగ్గర ఉండాలి. బద్ధకస్తుల్ని నడిపించడానికి పెద్దలు సరదాగా పెట్టుకున్న రూలది. ఈ ఏడు ఆ సరదా కాస్తా యోహాను నాయనమ్మ మీదికొచ్చింది. మేమంతా ఆమెను అవ్వా అనే పిలుస్తాం.

గుట్ట కింద పొయ్యిరాళ్లు పేరుస్తుంటే యోహాను తండ్రి దానయ్య కాక ఆమె దగ్గరికొచ్చాడు. "అమ్మా, మోకాళ్లు వాచినయ్. నువ్ కింద్నే ఉండు."

"నిన్ను నడుముకు కట్టుకొని సున్నం మోసిన గుడిరా అది. ఇయ్యాల నన్ను ఈడ కూసుండి కూర కలపమంటవా?"

"సరే ఎక్కు. కానీ ఆఖర్న వచ్చినవనుకో, వచ్చే ఏడు కిందనే. మల్ల కొట్లాడొద్దు."

"ఆఖర్న వస్తే గద!" అవ్వ కొంగు నడుముకు బిగించింది.

ఎక్కడానికి గంటసేపు పడుతుంది. పిల్లలు ఉరికారు. యోహాను డోలక్ మెడకు తగిలించుకుని ముందు పోయాడు. నేను కొత్త రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ, నీళ్ల డబ్బా మోస్తూ వెనకబడ్డాను. నా ముందు అవ్వ.

"పప్పు తూసే కాళ్లు గట్లనే ఉంటయ్ బిడ్డా," అంది తిరిగి చూసి.

"నీ కాళ్లేమన్న రైలింజన్లా?"

"ఒకప్పుడు గంతే ఉండె."

ఆఖరి మలుపు దగ్గర ఆమె బండ మీద కూలబడింది. పైన గోడ పక్కన అందరూ నిలబడి కిందికి చూస్తున్నారు. ఆమె వెనక నేను తప్ప ఎవరూ లేరు. అవ్వ నవ్వడం మానేసి మోకాలు రుద్దుకుంది.

"పో బిడ్డా. నీకోసం ఆగిండ్రు."

సరిగ్గా అప్పుడే నా చెప్పు పట్టీ ఊడింది. నేనూ ఇంకో బండ మీద కూర్చుని, వంతెన కట్టే ఇంజనీరంత గంభీరంగా మరమ్మతుకు పూనుకున్నాను.

"అవ్వా, నువ్ మెల్లగ నడువు. గిది ఇప్పట్ల అయ్యేటట్టు లేదు."

ఆమె చెప్పు వైపు చూసింది, నా వైపు చూసింది, కర్ర ఆనించి లేచింది. ఆమె చీర అంచు గుమ్మం దాటేదాకా నా మరమ్మతు పూర్తికాలేదు.

ఒంటి చెప్పుతో నేను పైకి చేరేసరికి ఒకటే నవ్వులు. "అరే, ముసల్దాని ఎనక వస్తివారా! సిగ్గుండాలె!" అన్నాడు దానయ్య కాక. గంట తాడు పట్టి లాగాను. కింద చేన్లో మేస్తున్న ఎద్దు తలెత్తి చూసింది. లోపల అవ్వ గోడ మీద అరచేయి పెట్టి, పిల్లవాడి వీపు నిమిరినట్టు నిమురుతోంది. తర్వాత పాట ఆమే ఎత్తుకుంది.

కిందికి దిగాక అవ్వ జాకెట్టుకున్న పిన్నీసు తీసి నాకిచ్చింది. "చెప్పు కిందికెల్లి గుచ్చు, పట్టీ ఆగుతది." ఆ తర్వాత మూలుగ బొక్క నా పళ్లెంలో వేసింది. "వచ్చే ఏడు వంటకాడ నువ్వే గద. రుచి తెలిసుండాలె."

వచ్చే ఏడు పొద్దంతా మటన్ గిన్నె పక్కనే నా కొలువు. కిరాణావాడి కొడుకుగా ఈ బేరాన్ని త్యాగం అని పిలవలేను. కానీ తిరుగు రైల్లో ఒకటి తోచింది. పరీక్షలో రాసిన ఆ నాలుగు పేజీల నిండా పోటీ అనే మాటే. ముందు చేరినవాడిదే లోకం అని నేనే తీర్మానించాను, మార్కులూ పడ్డాయి. ఆ గుట్ట మీద మాత్రం ముందు చేరినవాళ్లంతా ఎండలో నిలబడి కిందికి చూస్తుంటారు, ఆఖరి మనిషి వస్తే గానీ పాట ఎత్తుకోరు.

వెళ్లేవారికి ఒక సలహా: పైన నీళ్లు ఉండవు, మోసుకెళ్లండి. రబ్బరు చెప్పులైతే పిన్నీసు దగ్గరుంచుకోండి. పట్టీలు వాటంతటవే ఊడతాయని కాదు. నాదీ ఊడలేదు. కొత్త చెప్పు కదా, చాలాసేపు మొరాయించింది. అవ్వ మోకాలు చూసుకుంటున్నప్పుడు రెండు చేతులతో పట్టి నేనే పీకాను.