పక్కింటి స్పెయినామె పెస్టీన్యోలు

బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంటికి ఆనుకున్న ఇల్లు ఒక స్పెయినామెది. నా ఈడు మనిషే. అమ్మాయికి తన ఆసుపత్రి డ్యూటీ వేళలు కుదరనప్పుడల్లా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆమే. నాకు చదువు వచ్చిందే అరవై దాటాక. బస్సు మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్పిందీ ఆమే. ఆ మేలు మరిచేది కాదు.

నిరుడు జబ్బు చేసి ఆమెకు వాసనా రుచీ రెండూ పోయాయి. క్రిస్మస్‌కి కొడుకు వస్తున్నాడు. తన తల్లి చేసినట్టే పెస్టీన్యోలు చేసి పెట్టాలని ఆమె పట్టు. మన మడత కాజాకి చుట్టాలనుకోండి. నువ్వులు కలిపిన పిండిని పల్చగా ఒత్తి, ముక్కలు కోసి, రెండు మూలలు మధ్యకు మడిచి, వేయించి తేనెలో ముంచుతారు. పిండి తడపడానికి వాళ్లు వైన్ పోస్తారట. నా కోసం నారింజ రసం పోసింది. పిండిలో కలిపే ఆలివ్ నూనెను ముందు సోంపు వేసి కాచాలి.

సోంపు మాడిన వాసన నాకు తెలుస్తూనే ఉంది. వాళ్ల పద్ధతి అదేనేమో అని ఊరుకున్నాను. మొదటి వాయి తీసి రుచి చూడమంది. పండగ పిండివంట దేవుడికి పెట్టకుండా ఎంగిలి చేయనన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నా నాలుక చచ్చిపోయింది అక్కా. నీ నాలుకే నాకు దిక్కు." ఫోనులో మా చెల్లెలు పిలవగా విని నేర్చుకున్న పిలుపు అది.

దేవుడేమీ అనుకోడులే అని నోట్లో వేసుకున్నాను. "చేదు విషం. సోంపు మాడింది. పారేయ్," అన్నాను.

మా ఇంట్లో అయితే ఆ మాటకు ముఖాలు ముడుచుకునేవి. ఆమె పిండంతా బిన్‌లో వేసి మళ్లీ నూనె పెట్టింది. నా ముక్కుసూటి మాటను అంత నమ్మిన మనిషి నాకు ఈ దేశంలోనే దొరికింది. ఈసారి పొయ్యి దగ్గర నేనే నిలబడి, సోంపు కమ్మగా వాసన రాగానే దింపించాను.

సాయంత్రం కొడుకు వచ్చి తిన్నాడు. అమ్మమ్మవి ఇలాగే ఉండేవన్నాడు. తన మనసు కష్టపెట్టకూడదని అంటున్నాడనుకుందేమో, ఆమె నమ్మలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు అక్కా."

"మీ అమ్మ చేసినవి నేనెప్పుడు తిన్నాను? ఇవి మాత్రం బాగున్నాయి. ఇంకోటి పెట్టు."

నాకొకటి పెట్టి, అప్పుడు తానూ ఒకటి కొరికింది. కళ్లు మూసుకుని మెల్లగా నమిలింది. కరకరలాడుతోందంది. ఆమెకు తెలిసేది ఇక అంతే. దాన్నే చివరిదాకా నమిలి తింది.