నీళ్ళలో నానిన సమాధి

1927 వేసవి. అనంతగిరి నుంచి అరకు వైపు ఘాట్ రోడ్డును వెడల్పు చేస్తున్న రోజులు. నేను ఓవర్సీరుని. రోడ్డు ఎటు పోవాలో కొండవాలు మీద ముందుగా మేకులు కొట్టి గుర్తు పెడతాం. దాన్ని ట్రేస్ అంటాం. ఒక మలుపులో మా ట్రేస్ సరిగ్గా ఒక సమాధి వెనకనుంచి పోయింది.

ఆ సమాధి మా దగ్గర వంతెనల పని చేసే చీనా వడ్రంగి ఆచాంగ్ తండ్రిది. కలప కంట్రాక్టరు వెంట తండ్రీకొడుకులు రంగూన్ నుంచి వచ్చారు. ముసలాయన ఇక్కడే పోయాడు. ఆచాంగ్ ఇక్కడి కొండదొర తెగ పిల్ల సుకిరిని పెళ్ళాడి, ఆమె మాటే నేర్చుకుని, సమాధి పక్కనే గుడిసె వేసుకున్నాడు. ఇద్దరు బిడ్డలు పుట్టి జ్వరాలతో పోయారు. మేం మేకులు కొట్టేనాటికి సుకిరి మళ్ళీ కడుపుతో ఉంది.

మేకులు చూసి అతను పరుగున వచ్చాడు.

“బాబూ, ఎనకున్న కొండ మా అయ్యకి ఈపు. అటూ ఇటూ గట్లు సేతులు. కుర్సీలో కూకున్నట్టు కూకోబెట్టినాను. ఈపు కోసేత్తే ఆయన ఉసురు మా పిల్లలకి తగుల్తాది.”

పెద్దల ఎముకలు మంచి చోట ఉంటేనే వంశం నిలుస్తుందని వాళ్ళ నమ్మకమట. ట్రేస్ మార్చడం నా చేతిలో లేదన్నాను.

“అయితే మా అయ్య ఎముకలు బేగి తీసేత్తాను,” అన్నాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి గొయ్యి తవ్వి ఉంది. అతను తండ్రిని పూడ్చిన పెట్టె మూత లేపాడు. మండు వేసవిలో, కొండవాలు మీద, పెట్టె నిండా నీళ్ళు! ఎముకలు బొగ్గుల్లా నల్లబడ్డాయి. ఏదో చెట్టు వేరు పుర్రెను చుట్టేసి, కంటి గుంతలోంచి బయటికొచ్చింది.

గట్టు మీంచి చూసిన సుకిరి కడుపు మీద చెయ్యేసుకుంది. “ఇందుకేనేటి మన గుంటలిద్దరూ పోనారు?”

ఆచాంగ్ గొయ్యిలోకి దిగి, వేరును ఉలితో కోసి, తండ్రి తలను ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు కడగసాగాడు. తర్వాత మనిషి కూర్చున్న వరసలో, కాలి ఎముకలు అడుగున, పుర్రె పైన ఉండేలా, వెంట తెచ్చుకున్న పెద్ద కుండలో సర్దాడు. నాకు చూపు తిప్పుకోవడం కూడా చేతకాలేదు.

కాస్త తేరుకున్నాక ఇంకో భయం పట్టుకుంది. ఆ నీళ్ళు ఊట. అక్కడ కొండను కోస్తే మొదటి వానకే వాలంతా జారి కూలీలను కప్పేసేది. ఇంజనీరుగారిని తీసుకొచ్చి గొయ్యి చూపించాను. ఆయన టోపీ తీసి, వంగి తడిమట్టిని పిడికిట పిండి చూశారు. ఆ సాయంత్రమే మేకులు పీకించి ట్రేస్‌ను పైకి జరిపారు.

“తియ్యనక్కర్లేకపోయింది కదా మేస్త్రీ,” అన్నాను నొచ్చుకుంటూ.

“అదేటి బాబూ, అలగంతారు? తమరు మేకులు కొట్టకపోతే మా అయ్య ఆ నీళ్ళల్లోనే నానుతుండీవోడు.”

ఎత్తున పొడినేల వెతికి కుండను పాతాడు. గుడిసెనూ అక్కడికే మార్చాడు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల బతికింది. తాత చోటు మారినందుకో, ఊట దగ్గరి దోమలు తప్పినందుకో నేను చెప్పలేను. ఆ మొగుడూ పెళ్ళాలకు మాత్రం ఏ సందేహమూ లేదు.

ఆ తర్వాత ఏ కొండలో పని పడినా, మొదటి మేకు కొట్టే ముందు ఊరివాళ్ళను అడిగేవాణ్ణి: “ఇక్కడ మీవాళ్ళెవరైనా పడుకుని ఉన్నారా?” వాళ్ళు చూపించిన చోట ఆగి, ఆ నేలను నా కళ్ళతో చూసుకున్నాకే పని మొదలుపెట్టేవాణ్ణి.