నాచారం నుంచి రావాల్సిన జవాబు

మా పెద్దసారు మొన్న మంగళారం పొద్దుగాల పోయిండు. గుండె ఆగిందంట. ఫోన్ల ఆ మాట ఇన్నంక నేను చేసిన మొదటి పని ఏడ్సుడు గాదు, ల్యాబ్ తలుపును ఎగిరి తన్నుడు. గట్ల తన్నుడు గూడ ఆయన్ని సూసే నేర్చుకున్న.

ఆయనకు మస్తు కోపం. రోజూ వస్తనే లేజర్ బల్ల కాలును బూటుతోని ఫట్టున తన్నెటోడు. స్క్రీన్ మీద గీత చెదిరితే మాకు తిట్లు, చెదరకుంటే చాయ్. "తన్నినా గీత నిలవడ్తెనే లేజర్ మన పట్టుకు దొరికినట్టురా" అనెటోడు. ఒట్టి చేతులతోని అద్దం ముట్టిన్నని ఒకసారి నా వీపు మీద స్కేలు ఇరగ్గొట్టిండు.

మా పని మీకు జర చెప్పాలె. ఉప్పల్ల మా ల్యాబ్ నుంచి నాచారంల ఇంకో ల్యాబ్ దాక భూమిల ఫైబర్ ఉన్నది. దాంట్లకెల్లి లేజర్ వెలుగును, దాని ఫ్రీక్వెన్సీ ఇసుమంత గూడ చెదరకుండ పంపాలె. లారీ పోతె ఫైబర్ అదురుతది, ఎండకు సాగుతది. ఆ అదురంత వెలుగుకు ఎక్కుతది. అందుకని నాచారం కొసల అద్దం పెట్టి కొంచెం వెలుగు వాపస్ తెప్పిస్తం. పోయి వచ్చిన వెలుగుల అదురు రెండింతలుంటది. దాంట్ల సగం తీసుకొని, ఉల్టా చేసి, ముందుగాలనే కలిపి పంపుతం. గప్పుడు అక్కడికి సాఫుగ చేరుతది.

ఆ అద్దం ముంగట ఒక డబ్బా ఉంటది. కొస దాక పోయిన వెలుగును మనం గుర్తువట్టేటట్టు దాని ఫ్రీక్వెన్సీని జర జరుపుతది. ఆరేండ్ల కింద అది పాడైంది. సారు సెలవుల ఉండె. ఏమైతదిలే అని నేను ఉత్త అద్దమే పెట్టిన. ఉప్పల్ల నా స్క్రీన్ మీద గీత సక్కగ వచ్చింది. నాచారమోళ్లు మాత్రం "ఇక్కడ అంత ఆగమాగముంది" అని ఫోన్ మీద ఫోన్. నా తాన సాఫే ఉన్నదంటే తప్పు వాళ్ల తాననే అనుకున్న. పోయి సూస్తె వాళ్ల గేటు ముంగట జేసీబీ తవ్వుతున్నది. మా ఫైబర్ను చెడగొడుతున్నది గిదే అనుకున్న.

డ్రైవర్ను కిందికి గుంజిన. "మీ వైరు ముట్టలేదన్నా, దేవుని తోడు!" అన్నడు. రెండు గుద్దిన, మూతి పగిలింది. వాడు నన్ను నూకిండు. చేతికి ఇనుప రాడ్ దొరికింది. వాని తల మీదికి ఎత్తి కొట్టిన. నాచారమోళ్లు పిలిస్తె గప్పుడే ఆటో దిగిన సారు ఉరికొచ్చి నడుమ కుడిచెయ్యి అడ్డం పెట్టిండు. బొక్క ఇరిగిన సప్పుడు నాకు ఇంక ఇనొస్తనే ఉన్నది. ఆ చెయ్యి రాకుంటే నేనియ్యాల జైల్ల ఉండెటోన్ని.

నాలుగు రోజులకు పిండికట్టుతోనే వచ్చి, దారి నడుమ ఉన్న జాయింట్ డబ్బా నాతోని ఇప్పించిండు. దాంట్ల రెండు ఫైబర్లను కలిపే కనెక్టర్ మీద దుమ్ము.

"ఇగో, నీకు జవాబిచ్చింది గిది. నాచారం గాదు. గుర్తువట్టే డబ్బా తీసేసి, సగం దారిల ఈ దుమ్ముకు తగిలి వాపసొచ్చిన వెలుగును నమ్మి మనిషిని సంపబోయినవు గదరా."

తిట్టలేదు. అదే భయమైంది. నన్ను తోల్కపోయి డ్రైవర్ కాళ్లు మొక్కిపిచ్చిండు. వచ్చేటప్పుడు ఆటోల అన్నడు: "మెట్ల మీద పడ్డనని మా ఇంట్ల చెప్పిన. నిజం నువ్వే చెప్పాలె. ఎప్పుడు చెప్తవో నీ ఇష్టం."

చెప్పలే. ఆరేండ్లు చెప్పలే. ఆ చెయ్యి వంకరగ అతికింది. వెంట్రుకంత ఫైబర్ను జోడించే పని ఆయనతోని మళ్ల కాలే. పక్కన కూసొని నాకు నేర్పిండు. ప్రతి ఆదివారం బోడుప్పల్ల వాళ్లింటికి పోయి, నేను అమ్మా అని పిలిచే సారు భార్య పోసిన చాయ్ తాగి, నోరు మూసుకొని వచ్చెటోన్ని. థూ, నా బతుకు.

సమాధుల తోటల, పెట్టె మూసినంక, అమ్మ పక్కకు పోయిన. "అమ్మా, సారు మెట్ల మీద పడలే. నేనే కొట్టిన."

ఆమె కండ్లు తుడుసుకొని నా దిక్కు సూసింది. "మెట్ల మీద పడ్డోని చెయ్యి గట్ల ఇరుగదు కొడుకా. అది దెబ్బకు అడ్డం పెట్టిన చెయ్యి అని దవాఖానల డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. కొట్టినోడెవడో, నువ్వొచ్చి ఆయన కట్టు దిక్కు ఒక్కపారి గూడ సూడకుండ చాయ్ తాగితె సమజైంది. చెప్తవేమోనని ప్రతి వారం చాయ్ పోసిన."

అందరు పిడికెడు మట్టి వేస్తున్నరు. నేను గూడ పట్టుకున్న. నా కుడిచెయ్యి లేవలే. ఆమె నా మణికట్టును నొప్పి పుట్టేటట్టు పట్టి గుంత మీదికి గుంజింది. నా వేళ్లు ఒక్కొక్కటే ఇప్పింది. మట్టి ఫట్టుమని పెట్టె మీద పడ్డది. ఆమె నా చెయ్యి ఇడ్సిపెట్టలే.