డిలే పెట్టె వంత

మర్రిగూడ బస్సులో నా పక్క సీటతను మీటలూ వైర్లూ ఉన్న చిన్న పెట్టెను ఒడిలో పెట్టుకుని తిప్పుతుంటే, చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"ఏందన్నా అది? బస్సు పేలదు గద?"

"డిలే అంటరక్కా. సింథసైజర్ల బిగిస్తరు. మనమన్న మాట పట్టుకోని, జర ఆగి మళ్ల అంటది. గీ మీట తిప్పితే ఎంతసేపు ఆగాలెనో, గిది తిప్పితే ఎన్నిసార్లు అనాలెనో."

అతను ఒగ్గు కథ చెప్తాడట. వంత పాడే తమ్ముడు ఎండాకాలంలో పోయాడు. ఆ తర్వాత మళ్లీ కథ చెప్పడం రేపే మొదలు, ఈ పెట్టెతో.

ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చి, చిన్న మైకులో మెల్లగా అన్నాడు. "రాజు గుట్ట దిగిండు."

గుట్ట దిగిండు, దిగిండు అంటూ పెట్టెలోంచి అతని గొంతే నా చెవిలో సన్నబడి ఆగిపోయింది.

"గిది వంతెట్లయితది? నువ్వన్నదే అంటాంది. వంతగాడంటే ఎదురడగాలె," అన్నాను. ఎవరితోనైనా వాదించకపోతే నాకు ప్రయాణం సాగదు.

"మావోడు గట్లనే అడుగుతుండె," అన్నాడు.

పెట్టె ఆపేసి, ఉత్త గొంతుతో మళ్లీ అన్నాడు. "రాజు గుట్ట దిగిండు." తల కొంచెం పక్కకు వంచి ఆగాడు.

"దిగి ఏడికి పోయిండు?" అన్నాను.

అతను నా దగ్గర్నుంచి ఇయర్‌ఫోన్ తీసుకున్నాడు. పెట్టె సంచిలో పెట్టుకుని, తన ఊరు రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

మర్నాడు కథ చెప్పాడో లేదో తెలియదు. రాజు ఎక్కడికి పోయాడో కూడా నాకు ఇప్పటికీ తెలియదు.