లాంప్‌రూం తాత కుక్కకు ఇల్లు కావాలి

లాంప్‌రూం తాతను గోదావరి ఒడ్డున దహనం చేసి వచ్చిన మర్నాడే ఆయన క్వార్టర్‌కు తాళం వేశారు. ఆయన కుక్కను కట్టెతో కొట్టి వెళ్లగొట్టారు. సోమవారం కుక్కలను చంపే మనుషులు వస్తున్నారని, ఏ క్వార్టర్‌కూ చెందని ప్రతి కుక్కకూ మందు పెడతారని క్వార్టర్ల బాబు చెప్పి పోయాడు. నిజాం కాలం నుంచి ఈ బొగ్గుబాయిలో ఊపిరితిత్తులు అరగదీసుకున్న మనిషికి మనం చేసిన మర్యాద ఇది.

తాతది మంథని వైపు. ఊపిరి చెడ్డాక బొగ్గు పని మాన్పించి లాంప్‌రూంలో కూర్చోబెట్టారు. బాయిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్లలు తగిలించే బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా తాత ఇంటికి పోయేవాడు కాదు. "బిళ్ల ఉన్నదంటే మనిషి కిందున్నట్టే" అనేవాడు. నాకు అవ్వా బాపూ లేరు. నేను ఎక్కి వచ్చేదాకా ఎదురుచూసిన మనిషి ఆయనొక్కడే. బడి ముఖం చూడని నాకు ఆ బిళ్లలతో అంకెలు, ఆ తర్వాత అక్షరాలు నేర్పింది కూడా ఆయనే.

ఎర్రది అని పిలిచే ఆ కుక్క ఆయనకు బొగ్గు డబ్బాల పట్టాల పక్కన దొరికింది. అప్పటికే ఒక కన్ను పోయింది. అప్పుడప్పుడు మూర్ఛ వచ్చి, పడి కొట్టుకొని నురగ కక్కుతుంది. తాత దాని తల తొడ మీద పెట్టుకొని, "జర ఆగు బిడ్డా, పోతది, పోతది" అంటూ కూర్చునేవాడు. కాసేపటికి అది లేచి, ఏమీ జరగనట్టు తోక ఊపేది.

దగ్గు ముదిరాక తాతకు తన సంగతి అర్థమైంది. కుక్కకు ఇల్లు చూద్దామని నన్ను వెంటబెట్టుకొని క్వార్టర్ల లైన్లన్నీ తిరిగాడు. గడప ముందు నిలబడి మొదట దాని రోగమే చెప్పేవాడు.

"మూర్ఛ కుక్కనా? నీకేమన్న పిచ్చి లేసిందా తాతా?" అని తలుపులు వేసుకున్నారు. మిషన్ లైన్‌లో ఒకావిడైతే, "దానికోసం ప్రార్థన చేస్త పెద్దయ్యా, గాని, కుక్క మాత్రం నాకొద్దు" అంది.

నాకు ఒళ్లు మండింది. "చెప్పకుంటె ఏమైతది తాతా? చూస్తె మంచిగనే ఉన్నది గద!"

"అద్దం పగిలిన దీపం నీ చేతుల వెట్టి, ఏం చెప్పకుంట కిందికి తోలమంటవా పిల్లగా?"

పగిలిన అద్దంలోంచి మంట బయటపడితే బాయి కింద ఉండే మండే గాలి అంటుకుంటుందని నాకు తెలుసు. తెలిసీ ఆ పనే చేశాను. ఆయన డ్యూటీలో ఉండగా ఎర్రదాన్ని బస్టాండు దగ్గరి హోటలాయనకు ఇచ్చి వచ్చాను. "రోగం గీగం ఏం లేదన్నా, కావలికి మంచిగుంటది" అన్నాను.

నాలుగో రోజు అది హోటల్ ముందే పడి నురగ కక్కింది. పిచ్చికుక్క అనుకొని తలా ఒక దెబ్బ వేశారు. వెనుక కాలు విరిగింది. దగ్గుకుంటూ తాతే పోయి భుజాన వేసుకొని తెచ్చాడు. నన్ను తిట్టలేదు. కట్టు కడుతూ ఒక్క మాట అన్నాడు. "దాని రోగం దాని తప్పు గాదు. దాసిపెట్టింది మన తప్పు."

తిట్టినా బాగుండేది. ఆ కాలు మానకముందే ఆయన పోయాడు.

నేను నలుగురితో ఒకే గదిలో ఉంటాను. "అది లోపటికొస్తె నువ్వు బయటికి" అని వాళ్లు తేల్చి చెప్పారు. అందుకే ఈ గోడపత్రికలో రాస్తున్నాను, తాత లాగే రోగం ముందు చెబుతున్నాను. దానికి ఒక కన్ను లేదు. కుంటుతుంది. వచ్చేది మూర్ఛ, పిచ్చి కాదు. ఎవరినీ కరవలేదు, కొట్టిన రోజు కూడా. మిగిలిన జొన్న గటక పెడితే తింటుంది.

తాత చేతి దీపంతో దిగి, ప్రాణాలతో ఎక్కి వచ్చినవాళ్లే ఇది చదువుతున్నారు. క్వార్టర్ ఉన్నవాళ్లలో ఒకరు దాన్ని తీసుకోవాలి. ఆదివారం సాయంత్రం సైరన్ మోగేలోపు లాంప్‌రూం కిటికీ దగ్గరికి వచ్చి జవాబు చెప్పండి. వద్దనేవాళ్లు కూడా వచ్చి, దాని ముందే చెప్పండి.

ఎర్రది అక్కడే ఉంటుంది. షిఫ్టు వదిలినప్పుడల్లా ఎక్కి వచ్చేవాళ్లను ఆ ఒక్క కంటితో ఒక్కొక్కరినే చూస్తుంది. బిళ్లలన్నీ పోయి బోర్డు ఖాళీ అయ్యాక కూడా అక్కడినుంచి లేవదు.