అలెక్సితీమియా సార్

మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే సార్‌కు ఏ పదాన్నైనా గ్రీకు ముక్కలుగా విడగొట్టే అలవాటు. ఎనభైల్లో మా నాయన పోయిన రోజు తిరుపతిలో మా ఇంటికి పలకరింపుకు వచ్చాడు. నేను ఏడవకుండా పాడెకు వెదుళ్లు ఎంచుతుంటే చూసి, బంధువుల ముందే అన్నాడు.

"దీన్ని అలెక్సితీమియా అంటారు. 'అ' అంటే లేదు, 'లెక్సిస్' అంటే మాట, 'తీమోస్' అంటే మనసులో కదిలేది."

మా మేనత్త ఊరుకుంటుందా? "నాయన పోయినా ఏడ్సలేదు, వీనికేదో గ్రీకు జబ్బంట. ఎముకలతికించే పుత్తూరు కట్టుకు గూడా తగ్గదంట!" అని చిత్తూరు దాకా చాటింది. ఏడాదంతా నన్ను రోగిని చూసినట్టే చూశారు. ఆ మాట వెనక్కి తీసుకొమ్మని సార్ ఇంటికి మూడుసార్లు వెళ్లాను. చివరికి సంవత్సరీకానికి వచ్చాడు.

"జబ్బు కాదమ్మా. దుఃఖం ఉంటాది, సెప్పేదానికి మాట దొరకదు, అంతే" అన్నాడు మేనత్తతో.

ఆమె నావైపు తిరిగింది. "అట్లయితే ఇప్పుడన్నా సెప్పరా. మీ నాయన పోతే నీకెట్లుండాది?"

అందరూ నన్నే చూశారు. నేను నోరు తెరిచాను.

"ఆకులేసేదా అత్తా?" అన్నాను.

సార్ లేచి, విస్తరాకుల కట్టలో సగం తీసుకుని, నాతోపాటు వరసగా పరిచాడు.

ఆయన్ని నేనింకా క్షమించలేదు.