మూడు పోర్షన్లకు ఒకే బెల్లు

అప్పట్లో విజయవాడలో మేమున్న ఇంట్లో మూడు పోర్షన్లకూ గేటు దగ్గర ఒకటే కాలింగ్ బెల్లు. ఎవరి కోసం ఎవరొచ్చినా ముందు మా అమ్మకు జవాబు చెప్పాల్సిందే.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక నా మూడు పాత కంప్యూటర్లకూ ఇదే గతి పట్టింది. నెట్‌లో బయటివాళ్లకు కనిపించేది ఇంటి మొత్తానికీ ఒకటే ఐపీ నంబరు కాబట్టి, వాటిలో దాచినవి చూడ్డానికి ఎవరొచ్చినా మోడెమ్ దగ్గరే ఆగిపోయేవారు. ఏ తలుపు తడితే ఏ కంప్యూటర్ పలకాలో మోడెమ్‌కు నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇంజనీరింగ్ మీద ఇంత శ్రద్ధ పెట్టిన గుర్తు లేదు.

"కంకిపాడులో మీ బాబాయికి ఇవన్నీ కనిపిస్తే ఉంచుదాం, లేకపోతే కనెక్షన్ పీకించేస్తా" అన్నారు నాన్న.

బాబాయి అక్కడి నెట్ సెంటర్లో కూర్చుని ఫోన్ చేశాడు. మొదటిదాంట్లో పెళ్లి ఫొటోలు కనిపించాయన్నాడు, రెండోదాంట్లో పాటలున్నాయన్నాడు. నాన్న ముఖంలో మెచ్చుకోలు లాంటిదేదో మొదలైంది. మూడోదానికి వెళ్లేలోపే ఉరిమింది. ఉరిమితే ఫోను వైరు పీకడం మా ఇంటి ఆచారం; నెట్ వచ్చేదీ ఆ వైరులోనే. అమ్మ పీకేసింది.

వాన వెలిశాక వైరు పెడితే, ఆగి మొదలైనప్పుడల్లా చేసినట్టే, మోడెమ్ కొత్త ఐపీ నంబరు తెచ్చుకుంది. గంటసేపు పాత నంబరే కొట్టిన బాబాయి మళ్లీ ఫోన్ చేశాడు. కొత్తది రాసుకోమన్నాను.

"ఎందుకురా, బస్సెక్కుంటే ఈపాటికి మీ ఇంట్లోనే కూర్చుని చూసేవాణ్ణి గదా."